వయస్సు ప్రాణమునకు వెల యగునా?

"ఊరు పొమ్మనుచున్నది, కాడు రమ్మనుచున్నది" అని మన ముదుసలులు తమ్ము గూర్చి తాము నవ్వుచు జెప్పుకొను సామెత యొకటి కలదు. ఆ మాట ముదుసలి నోట వచ్చినపుడు దానిలో నొక చమత్కారమును, నొక వైరాగ్యమును, మృత్యువును జూచి బెదరని ధైర్యమును గూడ నుండును. కాని యా మాటనే ఊరు నిజముగా ననినచో దాని కర్థమేమి? చెంతనున్న పడుచువారు పెద్దవారి వంక జూచి, "మీరు పోవలసినవారే గదా" యని మనస్సులోనైన ననుకొన్నచో నది ధర్మమగునా? 2020వ సంవత్సరమున ప్రపంచమును జుట్టుముట్టిన కోవిడ్ మహమ్మారి యీ ప్రశ్నను ప్రతి దేశము ముందును, ప్రతి గృహము ముందును నిలువబెట్టినది. మహమ్మారి శాంతించినది, ప్రశ్న మాత్రము శాంతింపలేదు. భయము తొలగి, బుద్ధి కుదుటపడిన యీ కాలమే దానిని గూర్చి నెమ్మదిగా నాలోచించుటకు తగిన కాలము.

ముందుగా నొప్పుకొనదగిన సత్యము నొప్పుకొందము. ఆ వ్యాధి వయస్సును జూచి కాటువేసిన మాట నిజము. 2020 ఫిబ్రవరిలో చీనాదేశపు వ్యాధినివారణ కేంద్రము ప్రకటించిన లెక్కలలో, వ్యాధి నిర్ధారణ యైన వారందఱిలో నూటికి 2.3 మంది మరణింపగా, ఎనుబదియేండ్లు దాటినవారిలో నూటికి 14.8 మంది మరణించిరి. మార్చి 11వ తేదీన ప్రపంచారోగ్యసంస్థ దానిని మహమ్మారిగా బేర్కొనునప్పటికే యీ సంగతి లోకమెల్ల నెఱిగినదే. అయితే ఆ లెక్కనే రెండవ వైపు నుండి చదివినచో, ఎనుబది దాటిన రోగులు నూర్గురిలో ఎనుబదియైదుగురు ఆ లెక్క వ్రాసిన నాటికి జీవించియే యుండిరి. ఈ రెండవ వైపును జదివినవారు మిక్కిలి తక్కువ.

మొదట జెప్పిన సత్యము నుండి మన మనస్సులు మూడు మెట్లు దిగినవి. "ఈ వ్యాధి వృద్ధుల కెక్కువ యపాయకరము" అనుట మొదటి మెట్టు. ఇది వైద్యుని మాట, సత్యమైన మాట. "ఇది వృద్ధుల వ్యాధియే, మనకు భయము లేదు" అనుట రెండవ మెట్టు. ఇందు సగము సత్యము, సగము స్వార్థము. "పోవుచున్నవారు వృద్ధులే గదా, ఇందు గొప్ప నష్టమేమున్నది?" అనుట మూడవ మెట్టు, ఇందు సత్యము లేశమైనను లేదు. మొదటిది శరీరమును గూర్చిన మాట. మూడవది విలువను గూర్చిన మాట. శరీరము బలహీనమైనంత మాత్రమున ప్రాణము చౌక కాజాలదు. పసిబిడ్డ శరీరము ఇంటిలో నందఱి శరీరములకంటెను బలహీనము. అందుచేతనే యిల్లంతయు నా బిడ్డను గాచుకొని యుండును. బలహీనత పసితనమున గానబడినపుడు మమకారమును, ముదిమియందు గానబడినపుడు ఉదాసీనతను గల్గించుచున్న దన్నచో, ఆ భేదము వ్యాధిలో లేదు, మనలోనే యున్నది.

ఆ దినములలో నెవరైన మరణించిరన్న వార్త చెవిని బడగనే మనవారి నోట వెడలిన మొదటి ప్రశ్న "వయస్సెంత?" అనునది. ఆ ప్రశ్న వైద్యుడడిగినచో చికిత్స కొఱకు; పొరుగువాడడిగినచో దేనికొఱకు? డెబ్బదియెనిమిది యనియో, ఎనుబదిరెండనియో బదులు వచ్చినపుడు, ప్రశ్నించినవాని గుండె తేలికపడెడిది. తనకు రావలసిన యపాయము మఱియొకరి ఖాతాలో జమయైనట్లు అతడు నిట్టూర్చెడివాడు. ఈ సంభాషణము జరుగు నింటిలోనే, ప్రక్క గదిలో మంచముపై, ఆ వయస్సువారే తండ్రియో, అత్తగారో కూర్చుండి యుండిరి. వారి చెవులు మందగించినవని మన మనుకొందుము. కాని యిట్టి మాటలు వినుటకు చెవులకంటె సూక్ష్మమైన యింద్రియమొకటి వృద్ధులకు గలదు. తమ వయస్సే యొక యూఱటగా నితరులకు బనికివచ్చుచున్నదని వారు గ్రహింపకపోలేదు.

పరదేశములలో నీ భావము దాపరికము లేక బయలుపడినది. 2020 మార్చిలో ఆంగ్లము మాటాడు దేశముల యువకులు కొందఱు ఈ వ్యాధికి "బూమర్ రిమూవర్" అని పరిహాసనామము పెట్టిరి. రెండవ ప్రపంచసంగ్రామానంతరము పుట్టిన తరమును దుడిచిపెట్టు సాధనమని దాని భావము. అదే మాసమున స్పెయిను దేశములో వృద్ధాశ్రమములను శుద్ధిచేయబోయిన సైనికులకు, విడిచిపెట్టబడిన వృద్ధులును, మంచములపైననే మరణించిన వృద్ధులును గానవచ్చిరని ఆ దేశపు రక్షణశాఖామంత్రి ప్రకటించెను. ఇంగ్లండులో ఆస్పత్రులను ఖాళీచేయు తొందరలో, రోగులను పరీక్షింపకయే వృద్ధాశ్రమములకు బంపిరి. ఆ విధానము చట్టవిరుద్ధమని 2022 ఏప్రిలులో నచటి హైకోర్టు తీర్పు చెప్పెను. సంక్షేమరాజ్యమని పేరొందిన స్వీడను వృద్ధులను రక్షింపజాలకపోయెనని 2020 డిసెంబరులో నా దేశపు విచారణసంఘమే నివేదించెను. ఆ లోపములు మహమ్మారితో బుట్టినవి కావనియు, చిరకాలముగా నెఱిగియు దిద్దుకొననివనియు నా సంఘము పలికెను. ఆపద క్రొత్త దోషములను బుట్టింపదు. ఉన్నవానికి వెలుగు చూపును.

ఈ సందర్భమున చరిత్ర మన ముందుంచు నొక పోలిక విచారింపదగినది. నూఱేండ్లకు పూర్వము, 1918వ సంవత్సరమున, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి మన దేశమున నొక కోటికి పైబడిన జనులను బలిగొన్నది. ఆ వ్యాధి యొక్క విచిత్రమేమన, అది యిరువదికిని నలువదికిని నడుమనున్న దృఢకాయులను విశేషముగా హరించినది. ఆ యేట యౌవనమే గండము. అయినను, ఆ లెక్క జూచి పడుచువారి ప్రాణము చౌక యని తలంచుట లోకమునకు దోచలేదు. "పోవుచున్నవారు పడుచువారే గదా" యని యూఱట జెందుట మనుష్యులకు సాధ్యము కాలేదు. వ్యాధి యే వయస్సును హెచ్చుగా బట్టుకొనునో యది దేహధర్మమునకు సంబంధించిన యాకస్మికవిషయము. ఆ వయస్సువారి చావును మనమెట్లు తూచుదుమో యది మాత్రము మన శీలమునకు సంబంధించినది. రెండు మహమ్మారులలో దేహధర్మము తాఱుమాఱైనది; మన తూనిక మాత్రము తాఱుమాఱు కాలేదు. దీనిని బట్టి యా తూనికరాళ్లు వ్యాధి వచ్చుటకు మున్నే మన యింట నున్నవని తేలుచున్నది.

"ఇవి యన్నియు పాశ్చాత్యుల సంగతులు, మన దేశమున పెద్దలయెడ గౌరవము ధర్మములో నొక భాగము" అని కొందఱు చదువరులు పలుకుదురు. నిజమే. అరువది నిండినచో షష్టిపూర్తి చేసి, వృద్ధదంపతులకు మరల పెండ్లిపీట వేయు సంప్రదాయము మనది. ఎనుబది దాటినవారిని సహస్రచంద్రదర్శనము చేసిన పుణ్యాత్ములని పూజించు సంప్రదాయమును మనదే. "పెద్దల మాట చద్దిమూట" యని బిడ్డలకు నేర్పుదుము. కాని యా నోటితోనే "అరువదియేండ్లకు అరులుమరులు" అనియు నందుము. పండుగనాడు పాదములకు మ్రొక్కి, మఱునాడు ఇంటి వ్యవహారము మాటాడుచుండగా పెద్దాయన నోరు విప్పినచో "మీకెందుకు నాన్నగారూ, మీరు పడుకొనుడు" అనుట మన యిండ్లలో నరుదా? పాదములకు జేయు పూజ నోటికి వేయు తాళమునకు బరిహారము కాజాలదు. మహమ్మారి కాలమున మన దేశమున జరిగినది పరిహాసము కాదు, అంతకంటె సూక్ష్మమైనది. అది రక్షణ యను పేరున జరిగినది.

2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ ప్రారంభమయ్యెను. పిమ్మట మే మాసమున కొంత సడలింపు కలిగినపుడు, అరువదియైదేండ్లు దాటినవారు పదియేండ్లలోపు బాలురతో బాటు ఇల్లు కదలవలదని కేంద్రప్రభుత్వము సలహా నిచ్చెను. సలహా సలహాగా నున్నంతవఱకు మంచిదే. మహారాష్ట్రమున మాత్రము చలనచిత్రముల చిత్రీకరణ స్థలములకు అరువదియైదు దాటినవారు రాగూడదని నిషేధమే విధించిరి. చిన్న వేషములు వేసి పొట్టపోసికొను డెబ్బదియేండ్ల నటుడొకడు బొంబాయి హైకోర్టు నాశ్రయించెను. ఆ వయస్సు వర్తకుడు దుకాణము తెఱచి దినమంతయు కూర్చుండుట కాటంకము లేనపుడు, నటుడు తన పని చేసికొనుట కాటంక మెందుకని విచారించి, ఆ నిషేధము వివక్ష యని 2020 ఆగస్టులో న్యాయస్థానము కొట్టివేసెను. ఆ మనుష్యుడు కోరినది దయ కాదు. తన యపాయమును తాను దూచుకొని, తన కూడు తాను సంపాదించుకొను నధికారమే అతడు కోరినది.

రైల్వేవారి కథ మఱింత బోధకరము. అరువది నిండిన పురుషులకు ఛార్జీలో నూటికి 40 వంతులును, ఏబదియెనిమిది నిండిన స్త్రీలకు 50 వంతులును దగ్గింపు చిరకాలముగా నుండెను. వృద్ధులు అనవసరముగా బ్రయాణింపకుండుట మంచిదని 2020 మార్చి 20వ తేదీ నుండి యా దగ్గింపు నాపివేసిరి. ఆనాటి కది యుక్తమే కావచ్చును. కాని వ్యాధి తగ్గెను. బండ్లన్నియు యథాప్రకారము నడచెను. జనులు క్రిక్కిఱిసి ప్రయాణింప సాగిరి. 2024వ సంవత్సరము గడచిపోయినను ఆ దగ్గింపు మాత్రము తిరిగి రాలేదు. రక్షణకై తీసికొన్నది రక్షణ యక్కఱ తీఱిన పిమ్మట తిరిగి యీయబడనిచో, దానిని రక్షణ యనుట యెట్లు? ఖజానా కష్టములు ఖజానాకు గలవు. ఆ కారణమును చెప్పి తగ్గించుట వేఱు, ఆరోగ్యము పేరు చెప్పి తగ్గించుట వేఱు.

రక్షణ పేరుతో నొకరి జీవితమును కుదించుట మన తెలుగుదేశమునకు క్రొత్త కాదు. బాలవితంతువును నాలుగు గోడల నడుమ నుంచినవారు, తాము క్రూరులమని తలంచినవారు కారు. ఆమె మానమును, ఆమె పరలోకమును గాపాడుచున్నామనియే వారు నమ్మిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినపుడు వారు ఎదిరించినది క్రౌర్యమును మాత్రమే కాదు. ఆమె మేలు ఆమె నడుగకయే తమకు తెలియునను పెద్దల నమ్మకమును గూడ నెదిరించిరి. ఆ సంస్కారమును మెచ్చుకొను మనము, నేడు ఆ పాఠమునే తిరుగవేసి చదువుకొనవలసి యున్నది. అప్పుడు పెద్దలు చిన్నదాని నడుగక ఆమె బ్రదుకును నిర్ణయించిరి. ఇప్పుడు చిన్నవారు పెద్దవారి నడుగక వారి బ్రదుకును నిర్ణయించుచున్నారు.

అయినచో వృద్ధులను ఇల్లు కదలవలదనుట తప్పా? కాదు. అపాయము నిజమైనపుడు జాగ్రత్తయు నిజము కావలెను. ఏది రక్షణయో, ఏది తిరస్కారమో తెలిసికొనుటకు మూడు గుఱుతులు చాలును. కారణమును వారికి విప్పి చెప్పితిమా? వారి యభిప్రాయమును అడిగితిమా? మనము వారినుండి తీసికొన్నదానికి బదులు మఱియొకటి సమకూర్చితిమా? ఈ మూడును గలచో నది రక్షణ; లేనిచో నది మూలకు ద్రోయుటయే. మంచి యుదాహరణములు లేకపోలేదు. ఆంధ్రప్రదేశమున 2020 ఫిబ్రవరి నుండి వృద్ధుల పింఛను సొమ్మును ఇంటికి తెచ్చి యిచ్చుట మొదలిడిరి. లాక్‌డౌన్ వచ్చినపుడు వ్రేలిముద్ర తీసికొనుట మాని, ఛాయాచిత్రము తీసి సొమ్ము నిచ్చిరి. బయటికి రావలదన్న నోటితోనే, రావలసిన యక్కఱ లేకుండ జేయుట యిది. అట్లే 2021 మార్చి 1వ తేదీ నుండి అరువది దాటినవారికి, ఇతర ప్రజలకంటె ముందుగా, టీకా వేయసాగిరి. అచటను వయస్సే కొలత. కాని యా కొలత ఎక్కువ యపాయమున్న వారికి ఎక్కువ సాయము చేయుటకు వినియోగపడినది. వయస్సును లెక్కించుటలో దోషము లేదు. లెక్కించి యేమి చేయుదుమన్నదానియందే దోషమున్నది.

ఇక నన్నిటికంటె కఠినమైన ప్రశ్న. వెంటిలేటరు ఒకటి, రోగు లిరువురు. ఒకడు పడుచువాడు, ఒకడు వృద్ధుడు. ఎవరికీయవలెను? 2020 మార్చిలో ఇటలీ దేశమున ఈ సంకటము కథ గాక నిజమైనది. తీవ్రచికిత్సకు జేర్చుకొనుటలో వయఃపరిమితి పెట్టవలసి రావచ్చునని ఆ దేశపు మత్తువైద్యుల, తీవ్రచికిత్సకుల సంఘము వ్రాసెను. ఆ వైద్యులను నిందించుట సులభము. వారి స్థానమున నిలుచుట దుర్భరము. ఎవరు బ్రదుకుటకు వీలున్నదో చూచి చికిత్స చేయుట వైద్యధర్మమే. కాని దానిని దేహస్థితిని బట్టి చూడవలెను, జన్మపత్రికను బట్టి కాదు. కేరళమున కొట్టాయము ప్రభుత్వ వైద్యకళాశాలాసుపత్రిలో 93 ఏండ్ల వృద్ధుడును, 88 ఏండ్ల యాయన భార్యయు నా 2020 మార్చి, ఏప్రిలు మాసములలోనే చికిత్స పొంది, వ్యాధి నయమై యిల్లు చేరిరి. వారికి సేవ చేసిన నర్సునకు వ్యాధి సోకి, ఆమెయు కోలుకొన్నది. తొంబదిమూడు అను నంకెను జూచి తలుపు మూసియుండినచో, ఆ యిల్లు మరల దీపము చూచెడిది కాదు.

దీనిపై కొందఱు తత్త్వవిచారకులు గట్టి వాదమొకటి చేయుదురు. విస్తరిలో నన్నియు వడ్డింపబడి తృప్తిగా భుజించినవాడు, ఇంకను అన్నము ముట్టనివానికి చోటు విడువవలదా యని వారి ప్రశ్న. వృద్ధుడు తన వంతు జీవితమును అనుభవించినాడు, పడుచువానికి వాని వంతు ఇంకను రాలేదు, కనుక వానికే యీయుట న్యాయమని వారి యాశయము. ఈ వాదమున కొంత సత్యము గలదు. ఇరువదియేండ్ల వాని చావు మనలను వేఱొక విధముగా దుఃఖపెట్టుట సహజము. కాని జీవితము నిజముగా విస్తరి వంటిదా? ఏండ్లు నిండినంత మాత్రమున విస్తరి నిండెనని యెట్లు చెప్పుదుము? ఎనిమిదవ యేట పెండ్లి యై, పదునాఱవ యేట తల్లి యై, ఏబదియేండ్లు పరుల పొలమున కలుపు తీసి, బిడ్డలందఱును స్థిరపడిన పిమ్మట అరువదియైదవ యేట మొదటిసారిగా తనకొఱకు తానొక తీర్థయాత్ర తలపెట్టుకొన్న స్త్రీని జూడుడు. ఆమె విస్తరిలో వడ్డన ఇప్పుడే గదా మొదలైనది! ఏండ్లను లెక్కించుట సులభము కనుక మనము ఏండ్లనే లెక్కింతుము; అనుభవమును దూచు త్రాసు ఎవరి చేతను లేదు.

మఱియు, విడుచుట వేఱు, విడిపించుట వేఱు. మహాభారతమున యయాతి శాపవశమున ముదిమి పొంది, కుమారుల యౌవనమును యాచించెను, పెద్దవారు కాదనిరి, కడపటివాడైన పూరుడు ఇచ్చెను. ఆ యీవి గొప్పదని మనము మెచ్చుకొనుట దేనివలన? కాదనుటకు వీలున్నను అతడు ఇచ్చుట వలన. కాదన్న కుమారులను తండ్రి శపించుట నేటి మనస్సుకు రుచింపదు. దానమును ఋణముగా వసూలు చేయుట ధర్మమని మన మొప్పుకొనము. మహమ్మారి దినములలో ఆ కథ తలక్రిందుగా నడచినది. ఈసారి యాచన ముదుసలుల ప్రాణములకొఱకు. 2020 మార్చిలో అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు ఉపగవర్నరు, డెబ్బదికి చేరువలోనున్నవాడు, దేశపు ఆర్థికస్థితిని మనుమలకొఱకు నిలుపుటకై తాతలు తమ ప్రాణములను పణమొడ్డుటకు సిద్ధముగా నుందురను భావము టెలివిజనులో వెలిబుచ్చెను. తన ప్రాణమును తానొడ్డుట త్యాగము. తన యీడువారందఱి ప్రాణములను వారి నడుగక యొడ్డుట త్యాగము కాదు, పరుల సొమ్ముతో దానము చేయుట.

వృద్ధుల పక్షమున వాదించువారును ఒక్కొక్కప్పుడు పొరపాటు దారి పట్టుచున్నారు. "వృద్ధులు నిరుపయోగులు కారు; వారు మనుమలను సాకుదురు, ఇల్లు కాతురు, కథలు చెప్పుదురు, అనుభవము నిత్తురు" అని వారు వాదింతురు. ఇది నిజమే. మన పల్లెలలో అరువది దాటినవారెందఱో ఇంకను పొలమున పాటుపడుచున్నారు. వారిని పరాధీనులనుట యన్యాయము. ఇంగ్లండులో కెప్టెన్ టామ్ మూర్ అను తొంబదితొమ్మిదేండ్ల మాజీ సైనికుడు 2020 ఏప్రిలులో తన తోటలో నడకకఱ్ఱబండి నానుకొని నూఱు మాఱులు నడచి, వైద్యసేవల సాయమునకై మూడుకోట్ల పౌనులకు మించి సమకూర్చెను. ఆయనను లోకము కొనియాడుట యుచితము. కాని నడువలేని వృద్ధుని మాట యేమి? పక్షవాతమున మంచము పట్టి, పేరైనను గుఱుతులేని ముదుసలి తల్లి ఎవరికొఱకు ఏమి సమకూర్చగలదు? ఉపయోగమును బట్టి ప్రాణమునకు వెల కట్టినచో, కెప్టెన్ మూర్ బ్రదుకును, ఆమె చచ్చును. ఆవును పాలను బట్టి కొందుము. తల్లిని పాలను బట్టి పెంచుకొనము. మనుష్యుని విలువ యతడు చేసిన పనికి వచ్చు కూలి వంటిది కాదు. కూలి పని ముగియగనే ముగియును. మనుష్యత్వము ఊపిరి యున్నంతవఱకు ఉండును.

వయస్సును బట్టి మనుష్యులను జిన్నచూపు చూచుటకు 1969లో రాబర్ట్ బట్లర్ అను నమెరికా వైద్యుడు ఆంగ్లమున నొక క్రొత్త పేరు కల్పించెను. మనమిప్పుడు దానిని వయోవివక్ష యనుచున్నాము. ప్రపంచారోగ్యసంస్థ 2021 మార్చిలో ప్రకటించిన నివేదికలో, లోకమున ఇద్దఱిలో నొకరు వృద్ధులయెడ నిట్టి భావము గలవారని తేల్చినది. తక్కిన వివక్షలకును దీనికిని ఒక భేదము గలదు. వర్ణమును బట్టి యొకని నిందించువాడు ఆ వర్ణమువాడు కాబోడు. స్త్రీని దిరస్కరించు పురుషుడు స్త్రీ కాబోడు. కాని ముదుసలిని దిరస్కరించువాడు, అకాలమృత్యువు వాతబడనిచో, ముదుసలి యగును. అనగా నతడు తన తీర్పును తానే వ్రాసికొని, తేదీ మాత్రము ఖాళీగా విడుచుచున్నాడు. 2011 జనాభా లెక్కల ననుసరించి మన దేశమున అరువది దాటినవారు పదికోట్లకు మించియుండిరి. మనలో మిగిలినవారమందఱమును ఆ లెక్కలో జేరుటకు వరుసలో నిలిచియున్నవారమే.

అన్నిటికంటె శోచనీయమైనది, ఈ భావము వృద్ధుల మనస్సులో గూడ నాటుకొనుట. "నాకెందుకురా యీ ఖర్చు? ఆ డబ్బు పిల్లల కుంచుడు" అని మందు వలదన్న తల్లులను 2021 ఏప్రిలు, మే మాసముల రెండవ విజృంభణకాలమున మన యిండ్లలో జూచితిమి. దానిని మనము త్యాగమని మెచ్చుకొనుటకు మున్ను, ఆ మాట ఆమె నోట నెట్లు పుట్టినదని విచారింపవలదా? ఏండ్లతరబడి తన యభిప్రాయము నెవరు నడుగని స్త్రీ, తన ప్రాణము సైతము అడుగదగినది కాదని నమ్మినచో, అది త్యాగమా, మనము నేర్పిన పాఠమా? ఆ దినములలోనే భార్య మరణవార్తను భర్తకు, కొడుకు మరణవార్తను తండ్రికి దెలియనీయక దాచిన కుటుంబములు గలవు. వారి గుండె తట్టుకొనజాలదని భయము. ఆ భయము ప్రేమవలననే పుట్టినదని యొప్పుకొందము. కాని యేబదియేండ్లు కాపురము చేసిన మనుష్యునకు, తన సహధర్మచారిణికి కడసారి నీరు వదలుటకు హక్కు లేదా? డెబ్బదియేండ్లలో నెన్నో చావులను జూచి, తట్టుకొని, మనలను బెంచినవానికి, దుఃఖమును మోయుట మనకంటె తెలియదా? వానిని దుఃఖము నుండి తప్పించుచున్నామని తలంచుచు, వాని బ్రదుకునుండియే వానిని దప్పించుచున్నాము.

కనుక సంస్కారము రాజ్యమున జరుగుటకు మున్ను గృహమున జరుగవలెను. 2007లో మన దేశమున తలిదండ్రుల, వృద్ధుల పోషణకై చట్టము చేసిరి; ఒంటరి వృద్ధులకు పింఛను సకాలమున ముట్టవలెననియు, కోరినవారికి మందులు మొదలగు వస్తువులు అందవలెననియు 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తరువు చేసెను. చట్టము అన్నము పెట్టింపగలదు, ఆలోచన యడిగింపజాలదు. అది యింటివారు చేయవలసిన పని. మఱియొక మహమ్మారి ఎప్పుడు వచ్చునో తెలియదు. అది రాకమున్నే, పెద్దవారు స్వస్థులై యున్నపుడే, వారి చెంత గూర్చుండి యడుగుడు. జబ్బు చేసినచో ఏ చికిత్స కోరుదురు, ఏది వలదందురు? మాట పోయినచో మీ పక్షమున నెవరు మాటాడవలెను? చెడువార్త వచ్చినచో దెలియజేయవలెనా? వైద్యుడు వచ్చినపుడు "ఆమెకు నిద్ర పట్టుచున్నదా?" యని కోడలి నడిగినచో, "అత్తయ్యగారినే యడుగుడు" అని యా కోడలు పలుకవలెను. ఇంటి ఖర్చుల మాట వచ్చినపుడు పెద్దాయనకును పీట వేయవలెను. ఆయన మాట నెగ్గవలెనను నిర్బంధము లేదు, వినబడవలెను, అంతే. పెద్దవారు చెప్పినదెల్ల వేదమని యొప్పుకొనుట గౌరవము కాదు. వారితో వాదించుటయు నొక గౌరవమే; ఎదుటివానిని మనుష్యునిగా నెంచనివాడు వానితో వాదింపడు.

ఇంతవఱకు విచారించిన దానిలో తేలినది యొక్కటియే. వయస్సు శరీరమును గూర్చి కొంత చెప్పును; వైద్యుడు దాని నాలకింపవలెను. ప్రాణము యొక్క వెలను గూర్చి మాత్రము అది యేమియు జెప్పదు; దానిని చెప్పుమని మనము నిర్బంధింపరాదు. ఒక యింటి నాగరికత ఆ యింట షష్టిపూర్తి యెంత వైభవముగా జరిగెనో చూచి కొలువరాదు. షష్టిపూర్తి జరిగిన యిరువదియేండ్లకు, జ్వరము వచ్చిన రాత్రి, ఆ మనుష్యుని మంచము చెంతకు పోయి, "మీకేమి కావలెను?" అని యడిగినవారున్నారో లేదో చూచి కొలువవలెను.